బల్లకు అటువైపు

డిగ్రీ చివరి సంవత్సరంలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థినీ వెంటాడే ప్రశ్న ఒకటుంది. "తరువాత ఏమిటి?" బస్సులో పక్కసీటాయన అడుగుతాడు, పెళ్ళిలో మేనమామ అడుగుతాడు, చివరికి మెస్సులో సాంబారు వడ్డించే అన్న కూడా గరిటె ఆపి అడుగుతాడు. మా రూములో నలుగురం. ఒకడు ఎమ్మెస్సీ అంటాడు. ఒకడు మందుల కంపెనీ అంటాడు. ఇంకొకడు దుప్పటి ముసుగుతన్ని పడుకుంటాడు, అదే వాడి సమాధానం. నేను మాత్రం ఈ ఏడు "జనానికి పనికొచ్చే ఉద్యోగం చేస్తాను" అని చెప్పి నలుగురిలో నవ్వులపాలయ్యాను. "అయితే మేం చేసేవి గొడ్లకు పనికొస్తాయా?" అన్నాడు మందుల కంపెనీ మిత్రుడు. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతుక్కోవడమే ఈ వ్యాసం.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, దాని మీద రెండెకరాల కౌలు. పంట శనక్కాయ. ఏడాది మొత్తానికి మా సీమలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదైనా పంటకు కావలసినప్పుడు పడదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు పడుతుంది. అందుకే మా నాయన దృష్టిలో ఉద్యోగమంటే గవర్నమెంటు ఉద్యోగం ఒక్కటే. "ఒకటో తేదీ వచ్చిందంటే జీతం పడాల. మోడం చూసి, గాలి చూసి పడేది కాదు" అంటాడు. ఇరవై ఐదేళ్ళు ఆకాశం వైపు చూసిన మనిషి కోరుకునే ఉద్యోగం అలాగే ఉంటుంది మరి.

మా పెద్దనాయన కొడుకు ఆ ఉద్యోగం కోసమే నంద్యాలలో రూము తీసుకుని మూడేళ్ళుగా కోచింగులో ఉన్నాడు. గోడ నిండా తేదీలు, పటాలు, చట్ట సవరణలు అంటించుకున్నాడు. అతన్ని చూస్తే నాకు గౌరవమే గానీ, పోటీ తలుచుకుంటే గుండె జారిపోతుంది. 2019లో మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల కోసం సుమారు 1.26 లక్షల పోస్టులు ప్రకటిస్తే 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్ని పోస్టులు ఒక్కసారిగా పడటమే అరుదు. పొరుగున తెలంగాణలో 503 గ్రూప్-1 పోస్టుల కోసం 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమినరీ పరీక్ష, ప్రశ్నపత్రం లీకైనందువల్ల 2023 మార్చిలో రద్దయింది. మళ్ళీ 2023 జూన్ 11న రాశారు. అదీ కోర్టులో నిలవలేదు. చివరికి 2024లో 563 పోస్టులతో కొత్త ప్రకటన, మళ్ళీ మొదటినుంచి పరీక్ష. ఒక్క పరీక్షను మూడుసార్లు రాసిన అభ్యర్థుల వయసు మాత్రం ఎవరూ రద్దు చేయలేరు గదా!

ఇదంతా తెలిసి కూడా ఆ ఉద్యోగం మీద నాకు ఆశ ఉండేది. దాంతోపాటు కోపం కూడా ఉండేది. ఆ కోపం సంగతి చెప్పాలి.

2023 ఖరీఫ్‌లో మా వైపు వానలు మొహం చాటేశాయి. నేను డిగ్రీలో చేరిన ఏడు అది. ఆరెకరాల శనక్కాయ ఊడ పట్టకముందే ఎండింది. కరువు సాయం వస్తుందన్నారు. నాలుగెకరాలకు వచ్చింది. కౌలు రెండెకరాలకు రాలేదు. ఈ-పంటలో ఆ రెండెకరాలూ పట్టాదారు పేరునే ఎక్కాయి గనుక సాయం ఆయన ఖాతాకే పోయింది. కౌలుదారుకు చట్టం లేదా అంటే, ఉంది. 2011లో ఒకటి వచ్చింది, దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద పదకొండు నెలలకు చెల్లే కార్డు ఇస్తారు. కానీ ఆ కార్డుకు పట్టాదారు సంతకం కావాలి. మా పట్టాదారు మంచివాడే, నాయనతో కలిసి చదువుకున్నవాడే. అయినా సంతకం అనగానే "భూమి చేతిలోనుంచి పోతుందేమో" అన్న భయం. ఆ భయానికి చట్టంలో మందు లేదు.

నాయనతో కలిసి సచివాలయానికి నేనూ వెళ్ళాను. బల్లకు అటువైపు ఉన్న అబ్బాయి నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. కంప్యూటర్ వైపు చూస్తూనే "సిస్టం ఒప్పుకోదు మామా" అన్నాడు. నాయన ఇంకేమీ అడగలేదు. టవలు భుజాన వేసుకుని బయటికి వచ్చేశాడు. దారిలో నేను ఆ అబ్బాయిని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే సంపాదకులు వేయరు. "వీడి స్థానంలో నేనుంటే..." అని ఆ రోజే అనుకున్నాను. నా ఆదర్శాలన్నిటికీ పునాది ఆ మాటే.

ఇక నా ఆదర్శం ఆచరణలో ఎలా ఉండేదో కూడా దాచకుండా చెబుతాను. మొదటి సంవత్సరం కాగానే మనందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది, 180 గంటలు. ఆ 180 గంటల్లో నేను గ్రామంలో గడిపినవి ఆరు. అందులో రెండు ఫోటోలకు పోయాయి. మిగతా ప్రాజెక్టు జిరాక్సు షాపులో తయారైంది. సీనియర్ రిపోర్టులో ఊరి పేరు మార్చి, అట్ట వేయించి ఇచ్చాను. ఒకచోట ఊరి పేరు మార్చడం మరిచిపోయాను, దాంతో నా రిపోర్టు ప్రకారం మా మెట్టపల్లెలో చేపల వేట కూడా సాగుతోంది. మార్కులు బాగానే వచ్చాయి. ఇది చదివి నవ్వే మిత్రుల్లో చాలామంది అట్టలు నేను చూశాను సుమా!

రెండో సంవత్సరం అయ్యాక, పోయిన వేసవిలో, ఇంటర్న్‌షిప్ కోసం మా పక్క మండలంలో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. మట్టి పరీక్షలకు కెమిస్ట్రీ చదివినవాడు కావాలన్నారు. మొదటి పది రోజులు హాయిగా గడిచాయి. పొలంలో నాలుగైదు చోట్ల ఇంగ్లీషు 'వి' అక్షరంలా గుంట తీసి, జానెడు లోతు వరకు మట్టి గీరి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగల్చడం నా పని. లాబ్‌లో బట్టీ పట్టిన ఉదజని సూచిక పొలంలో చూసేసరికి, చదివింది ఎక్కడో ఒకచోట పనికొస్తుందని మొదటిసారి నమ్మకం కలిగింది.

తరువాత ఇంకో పని అప్పగించారు. ఒక వంక పరిధిలో నలభై కమతాలున్నాయి. వాటిలో సాగు చేసేవారికి కొర్ర, కంది విత్తనాలు ఇస్తారు. జాబితా నేను రాయాలి. "పొలం పొలం తిరిగి, అక్కడ పనిచేసే మనిషిని చూసి రాయి" అని మా సూపర్‌వైజరు అక్క రెండుసార్లు చెప్పింది. మే నెల ఎండ. మొదటిరోజు తొమ్మిది పొలాలు తిరిగేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. రెండోరోజు రచ్చకట్ట మీద వేపచెట్టు నీడలో కూర్చున్నాను. ఊరి పెద్దమనిషి ఒకాయన అడంగల్ నకలు చూసి పేర్లు చెబుతుంటే మిగతా ముప్పై ఒకటీ గంటలో రాసేశాను. సర్వే నంబర్లు సరిపోయాయి, విస్తీర్ణాలు సరిపోయాయి, దస్తూరి ముత్యాల్లా ఉంది. ఐదు రోజుల పని రెండు రోజుల్లో అయిందని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మొదటి వాన పడిన మర్నాడు విత్తనాలు పంచారు. బల్ల వేసి, జాబితా పెట్టి, నన్నే కూర్చోబెట్టారు. పదిమందో పన్నెండుమందో అయ్యాక ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో మడిచిన యూరియా సంచి. పేరు చెప్పింది. చూశాను, లేదు. మళ్ళీ చూశాను. "లిస్టులో లేదమ్మా" అన్నాను.

"వంక పక్కన మూడెకరాలు నాయనా. నాలుగేండ్లాయ నేనే చేస్తాండా."

"ఆ సర్వే నంబరు విత్తనాలు ఇందాకే తీసుకుపోయారమ్మా." నిజమే. పట్టాదారు బెంగుళూరులో ఉంటే ఆయన అన్న కొడుకు వచ్చి సంతకం పెట్టి సంచి మోసుకుపోయాడు.

ఆమె కోప్పడలేదు. జాబితా వైపు వేలు చూపించి, "దున్నేటోళ్ళ పేరు మీ కాగితంలో యాడ రాస్తారు?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర ఏ గడీ లేదు చూపించడానికి. "సిస్టం..." అనబోయి ఆగిపోయాను. అక్కడ సిస్టమూ లేదు, కంప్యూటరూ లేదు. ఉన్నది నా దస్తూరి. ఆమె సంచిని మళ్ళీ అదే మడతల్లో మడుచుకుని వెళ్ళిపోయింది. ఆ సంచి మడత నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది, ఎందుకంటే నాయన టవలు భుజాన వేసుకున్న తీరు కూడా అదే.

సాయంత్రం అక్కతో అంతా చెప్పేశాను, వేపచెట్టు నీడతో సహా. ఆమె తిట్టలేదు. "రాసినోడే దిద్దాల. రేపు పొద్దున్నుంచి నలభై పొలాలకూ మళ్ళీ పో" అంది. ఐదు రోజులు తిరిగాను. నలభైలో పదకొండు కౌలు కమతాలు. పదకొండు పేర్లూ నా జాబితాలో లేవు. కొత్త జాబితా ఆఫీసుకు పోయి, మంజూరై, విత్తనాలు తిరిగి వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. అప్పటికి పదును ఆరిపోయింది. లాబ్‌లో టైట్రేషన్ తప్పితే బ్యూరెట్ మళ్ళీ నింపుకుంటాం. నేలలో పదును మనం నింపలేం. పదకొండుమందిలో కొందరు తరువాతి వానకు విత్తుకున్నారు. వంక పక్కన మూడెకరాలు మాత్రం ఖాళీగానే ఉండి, ఆగస్టు ఆఖరున ఉలవలు పడ్డాయని దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు తెలిసింది. ఉలవలు పంట కాదని కాదు. కానీ ఆమె అనుకున్న పంట అది కాదు. ఆ తేడాకు కారణం కరువు కాదు, చట్టం కాదు, నేను.

ఈ సంఘటనను పశ్చాత్తాపం కోసం రాయడం లేదు. సేవారంగంలో ఉద్యోగం అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది గనుక రాస్తున్నాను. మనం "సేవ" అనగానే త్యాగం అనుకుంటాం, మంచి మనసు చాలనుకుంటాం. ఆ రచ్చకట్ట మీద కూర్చున్నప్పుడు నా మనసు మంచిదే! మనసుకు తోడు కాళ్ళు కదలాలి, గడి సరిగా గీయడం తెలియాలి, అడగవలసిన ప్రశ్న తెలియాలి. ఇది ఒక పని. నేర్చుకోవలసిన పని.

పనికి జీతమూ ఉండాలి. మా అక్క ఎం.ఎస్.డబ్ల్యు. చదివి తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉంది. నెలకు పద్దెనిమిది వేలు. ప్రాజెక్టు మూడేళ్ళకు ఒకసారి ముగుస్తుంది, కొత్తది వచ్చేదాకా ఆ పద్దెనిమిదీ అనుమానమే. ఎందుకిలా అని అడిగితే లెక్కలు చెప్పింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో సవరణ వచ్చింది. విదేశీ విరాళంలో పరిపాలన ఖర్చుకు అంతకుముందు 50 శాతం వరకు వాడుకునే వీలుండేది, ఇప్పుడు 20 శాతమే. ఒక సంస్థ తనకు వచ్చిన ఆ సొమ్మును మరో చిన్న సంస్థకు ఇవ్వడం కూడా ఆగిపోయింది. దుర్వినియోగం జరగకూడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం, కాదనలేం. స్వదేశీ దాతలదీ అదే వరస. విరాళమిచ్చేవారికి విత్తనం కనిపిస్తుంది. ఆ విత్తనం ఎవరి సంచిలో పడిందో ఎండలో తిరిగి చూసే మనిషి జీతం కనిపించదు.

మరి ఈ దారిలో నడిచినవారు లేరా? మా జిల్లాలోనే ఉన్నారు. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే పనిచేశారు. బత్తలపల్లి ఆసుపత్రి పేరు వినని ఇల్లు మా వైపు లేదు. అయితే ఆయన ఒక్కరే అన్ని ఊళ్ళూ తిరగలేదు గదా. ఆయన సంస్థలో ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నవాళ్ళు మన జిల్లా పిల్లలే. వాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా లేవు. ఇక సర్కారు వైపు చూస్తే ఎస్.ఆర్. శంకరన్ గారున్నారు. 1934లో పుట్టి 2010లో పోయిన ఆ ఐ.ఏ.ఎస్. అధికారి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కాగితం మీద మిగిలిపోకుండా పాటుపడ్డారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. శాంతా సిన్హా గారు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే, ఎం.వి. ఫౌండేషన్ ద్వారా పనిలోకి పోయే పిల్లల్ని బడికి మళ్ళించారు. 2003లో ఆమెకు మెగసెసే బహుమతి వచ్చింది. ఒకరు సంస్థలో, ఒకరు సర్కారులో, ఒకరు రెండు పడవల్లో సమర్థంగా. అంటే కూర్చున్న బల్ల ఏదన్నది రెండో ప్రశ్న.

ఆసక్తి ఉన్న మిత్రుల కోసం నేను విచారించి తెలుసుకున్నవి రెండు మూడు చెబుతాను. సివిల్ సర్వీసు పరీక్షకు ఇరవై ఒకటి నిండాలి, కాబట్టి నాలాంటివారికి ఇంకా ఏడాది గడువుంది. ఏ డిగ్రీ అయినా సరే, పల్లెల్లో పదమూడు నెలలు సంస్థలతో కలిసి పనిచేసే ఫెలోషిప్ ఒకటి స్టేట్ బ్యాంకు 2011 నుంచి నడుపుతోంది. దానికీ ఇరవై ఒకటి నిండాలి. శాస్త్రీయంగా నేర్చుకోవాలంటే వర్గీస్ కురియన్ గారు 1979లో ఆనంద్‌లో నెలకొల్పిన గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థ ఉంది, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాదులో దాని శాఖ ఉంది. అన్నిటికంటే దగ్గరలో ఉన్నది ఆ 180 గంటలు. ఈసారి జూనియర్ మిత్రులెవరైనా నా రిపోర్టు అడిగితే ఇవ్వను. మా ఊళ్ళో చేపలు లేవు.

దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు నాయనకు ఈ కథంతా చెప్పాను. అక్క వాళ్ళ సంస్థలో ఏడాది పాటు నెలకు పన్నెండు వేలకు రమ్మంటున్నారని కూడా చెప్పాను. అమ్మ లెక్క వేసింది, "ఆస్టలు ఫీజు కట్టిన అప్పు తీరాలంటే ఎన్ని నెలలు?" అని. నాయన చాలాసేపు పలకలేదు. శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు.

"నువ్వు కాగితంలో పేరు తప్పు రాసినావు. ఆయమ్మ వచ్చి అడిగినప్పుడు తల ఎత్తి చూసినావా?"

చూశానన్నాను.

"ఆ పొద్దు ఆ పిల్లోడు చూసింటే నాకు అంత బాధ ల్యాకపోవు. దుడ్లు యాడికి పోతాయిలే, వానతో వస్తాయి, వానతో పోతాయి. ఒక్క మాట... ఎట్ల చేస్తే కార్డు వస్తాదో చెప్పింటే సాలు." మళ్ళీ కాసేపు ఆగి, "ఒక ఏడు పో. పరీక్షలు మాత్రం ఇడిసిపెట్టొద్దు. గవర్నమెంటు బల్ల కాడ కూడా మనిషి ఉండాల గదా" అన్నాడు.

నాయన చెప్పిన దానికంటే మంచి ఉద్యోగ వివరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కాబట్టి ఒక ఏడు పోతాను. పరీక్షలూ రాస్తాను. ఏ బల్ల దొరుకుతుందో తెలియదు. మందుల కంపెనీ మిత్రుడికి మాత్రం ఒక జవాబు దొరికింది. నీ పని కూడా జనానికి పనికొచ్చేదే, సందేహం లేదు. నువ్వు తప్పు చేస్తే పట్టుకోవడానికి నీ వెనక క్వాలిటీ కంట్రోలు వారుంటారు. నేను వెళ్ళే చోట తప్పు పట్టుకునేది సంచి పట్టుకుని వచ్చిన మనిషే, అదీ పదును ఆరాక. అందుకే అక్కడికి బాగా చదివినవాళ్ళు, ఒళ్ళు వంచేవాళ్ళు రావాలి.

చివరగా ఒక మనవి. సెలవుల్లో మీ ఊరికి వెళ్ళినప్పుడు సచివాలయం గోడ మీద అంటించిన జాబితాలు ఒకసారి చదవండి. ఆ తరువాత పొలాల వైపు నడవండి. అక్కడ పనిచేస్తున్నవాళ్ళలో ఎవరి పేరు ఆ గోడ మీద లేదో చూసి, ఆ పేరు రాసుకుని, బల్లకు అటువైపు కూర్చున్న మనిషిని వెళ్ళి అడగండి. సంక్రాంతికి మా ఊళ్ళో నేను చేయబోయేది అదే. ఆ అబ్బాయినీ కలుస్తాను. రెండేళ్ళ క్రితం తిట్టుకున్నందుకు క్షమాపణ చెప్పాలి. ఆ రెండెకరాల కార్డు సంగతి కూడా అడగాలి.